అమావాస్య నాడు రాజిన కుంపటి

సాయంత్రం నాలుగింటికల్లా లక్ష్మణాచారిని మెజిస్ట్రేటు ముందు నిలబెడతానని ఎస్సై చెప్పేశాడు. కరుణ గడియారం చూసుకుంది. పదకొండూ ఇరవై. ఇంకా నాలుగు గంటల నలభై నిమిషాలు. ఆలోగా డెబ్బై ఏళ్ల ఆ నగిషీ పనివాడు దొంగ కాడని తేల్చాలి. తరవాత తేల్చినా పెద్దగా లాభం లేదు. ఒక్కసారి జైలు గడప తొక్కొచ్చిన అవుసులాయన చేతిలో ఈ ఊళ్లో ఎవరూ గురిగింజెత్తు వెండి కూడా పెట్టరు.

కరుణకు ఇరవై ఏడేళ్లు. జనగామలో ఒక వకీలు దగ్గర గుమాస్తా. అది జీతం ఇచ్చే ఉద్యోగం. అసలు పని ఇంటి కిటికీకి వేలాడుతున్న రేకు బోర్డు మీద ఉంది: ‘కరుణ, డిటెక్టివ్’. ఆ బోర్డు చూసి ఊరు రెండు నెలలు కడుపుబ్బ నవ్వింది. ఎవరో పేడ కొట్టారు. ఆమె కడిగి, ఇంకాస్త పెద్ద అక్షరాలతో మళ్లీ రాయించింది. అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని నినాదాలిచ్చి పదకొండు రోజులు జైల్లో ఉండి, పరీక్ష పోగొట్టుకున్న పిల్ల ఆమె. అప్పటి నుంచీ ‘ఊరుకోమ్మా’ అన్న మాట వింటే చాలు, ఊరుకోవడం ఆమె వల్ల కాదు.

కేసు చూస్తే మాత్రం వంక పెట్టడానికి వీల్లేకుండా ఉంది. నర్మెట్ట జగపతిరావు గడీలో తొంభై ఏళ్ల నాటి వెండి పాన్‌దాన్ ఉండేది. ఆకులూ వక్కలూ పెట్టుకునే ఆ పెట్టె మూత మీద నెమళ్లనూ తీగలనూ చెక్కినవాడు లక్ష్మణాచారి తాత. మూత కీలు ఊడితే పది రోజుల కిందట మరమ్మతుకు ఆ మనవడి దగ్గరికే పంపారు. ఆగస్టు మూడు, గురువారం, సాయంత్రం ఏడింటికి జగపతిరావు జీతగాడు మాన్‌సింగ్ దాన్ని తీసుకుపోవడానికి వెళ్తే, ముసలాయన తలుపు ఓరగా వేసుకొని దాన్ని కరిగిస్తూ కనిపించాడట. శుక్రవారం సోదా చేస్తే కుంపటి పక్క గోతిలో వెండి ముద్ద దొరికింది. పాన్‌దాన్ నూట పద్దెనిమిది తులాలు. ముద్దా నూట పద్దెనిమిది తులాలే.

సోదాలో గొయ్యి చూపించినవాడు వెంకట్రాం. హైదరాబాదులో ఆఫీసు, టై, రెండు ఫోన్లు ఉన్న ప్రైవేటు డిటెక్టివు. సొంతూరు బెజవాడ దగ్గర. జగపతిరావు పిలిపిస్తే గురువారం పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్నాడు. పాన్‌దాన్ కరిగిందన్నది గురువారం రాత్రి. డిటెక్టివు మాత్రం పొద్దున్నే దిగాడు. దొంగతనం కంటే పన్నెండు గంటలు ముందొచ్చిన డిటెక్టివును కరుణ ఇదే చూడడం.

లాకప్‌లో లక్ష్మణాచారి చెప్పింది వేరు. కీలు బుధవారమే బాగుచేసి ఇచ్చేశాడు. పొద్దుగూకే వేళ మాన్‌సింగూ అతని భార్య సుక్కీ ఇద్దరూ వచ్చారు. పెట్టెను సుక్కి చేతుల్లో పెట్టాడు, ఆమె ఓణీలో చుట్టుకుంది. రసీదు లేదు, వాళ్ల దుకాణంలో ఎన్నడూ లేదు. గడీ వాళ్లేమో సుక్కి పది రోజుల కిందటే భూపాలపల్లి అడవిలో కలప నరికే కూపుకు కూలికి పోయిందంటున్నారు. పదిరోజులుగా ఊళ్లో లేని మనిషి బుధవారం పాన్‌దాన్ ఎలా తీసుకుంటుంది?

వచ్చింది సుక్కేనని అంత గట్టిగా ఎలా చెప్తావని కరుణ అడిగింది. ముసలాయన ఆ పరిస్థితిలోనూ చిన్నగా నవ్వాడు.

“ఆ పిల్ల చెంపకున్న టోప్లీ నేను చేసిందే బిడ్డా. ఆరేండ్ల కింద, దాని లగ్గానికి. ఎనిమిది రేకుల పువ్వు చెక్కుతుంటె ఉలి జారి సగం రేకు ఎక్కువ పడ్డది. కరిగించి మళ్ల చేస్తనంటె వద్దన్నది. అందరికి ఉన్నదే నాకెందుకన్నది. మొన్న పెట్టె తీస్కునెటందుకు వంగితె ఆ సగం రేకు కనవడ్డది, ఇద్దరం నవ్వినం.”

లంబాడా ఆడవాళ్ల చెంపల పక్కన జుట్టులో అల్లుకొని వేలాడే వెండి బిళ్లలే టోప్లీలు. వాటి కింద గలగలలాడే చిన్న గజ్జెలు ఘుగ్రీలు. పెళ్లయిన నాడు పెట్టుకుంటారు.

వెంకట్రాం పొద్దున్నే వచ్చి, ఒప్పుకొని సంతకం పెడితే తక్కువ శిక్షతో పోతుందని ముసలాయనకు సలహా ఇచ్చి వెళ్లాడట.

“మా తాత చేతి గీత మీద నేను నిప్పు పెడ్తనా? వేళ్లు ఇరగ్గొట్టినా ఆ కాయితం మీద సంతకం పెట్ట. గంతే.” ఇక మాట్లాడేదేమీ లేనట్టు లక్ష్మణాచారి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

*

పన్నెండూ ఐదుకు కరుణ దుకాణం ముందుంది. ఇల్లు వేరు, దుకాణం వేరు. మధ్య రెండు గల్లీలు. తాళం తీసింది అహల్య, లక్ష్మణాచారి కూతురు. ముప్పై ఏళ్లుంటాయి. తండ్రి చెక్కితే మెరుగు పెట్టేది ఆమె. నిన్నటి నుంచి ఏడ్చినట్టు కనిపించలేదు కానీ, కనబడ్డవాళ్లనల్లా కొట్టేటంత కోపంగా ఉంది. తాళంకప్ప కొత్తది. పాతదాన్ని సోదా నాడు పగలగొట్టామని పోలీసులు రాసుకున్నారు. అహల్య మాత్రం పోలీసులు వచ్చేసరికే అది తెరిచి వేలాడుతోందని అంది.

“గురువారం దుకాణంల ఎవలెవలున్నరు?” పెన్సిలు తీస్తూ కరుణ అడిగింది.

“ఎవలుంటరక్కా? అమాస గద.”

పెన్సిలు ఆగిపోయింది. గోడ మీది కేలండరులో గురువారం గడిలో నల్లటి సున్నా చుట్టి ఉంది. అమావాస్య నాడు అవుసుల వాళ్లు, వడ్లవాళ్లు, కమ్మరివాళ్లు పనిముట్టు ముట్టరు, కుంపటి రాజెయ్యరు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న సంగతే. చిన్నప్పుడు అమావాస్య నాడు మట్టెలు బిగించమని వెళ్లి ఎన్నిసార్లు వెనక్కి రాలేదు? ఈ ఊళ్లోనే పెరిగి ఎఫ్ఐఆర్‌లో ఆ తారీఖును రెండుసార్లు చదివి కూడా గుర్తుపట్టలేకపోయినందుకు కరుణకు తన మీద తనకే మంట పుట్టింది. బోర్డు మీద ఆ అక్షరాలు కాస్త చిన్నవి చేయించాలేమో.

దుకాణం ఖాళీగా ఉందని చూసుకొని ఎవరో లోపలికి దూరారు. ఎందుకు ఖాళీగా ఉందో మాత్రం వాళ్లకు తెలియదు. సంవత్సరంలో తెరిచి ఉండే రోజులన్నీ వదిలేసి, ఏ అవుసులాయనా నిప్పు ముట్టని పూట చూసి మరీ కుంపటి రాజేశారు.

కానీ ఆ ఒక్క మాట చాలదు. కరుణ మోకాళ్ల మీద కూర్చొని వెతకడం మొదలుపెట్టింది. గోడవారగా ఎర్రగుడ్డ మీద పనిముట్లు వరసగా పెట్టి ఉన్నాయి. బుధవారం రాత్రి కడిగి, ఒక్కోదానికీ కుంకుమ బొట్టు పెట్టినవి. ఉలులకు బొట్లున్నాయి. సుత్తికి ఉంది. పట్టకారు బొట్టు మాత్రం చెరిగి, పిడి పొడవునా ఎర్రగా పులుముకుంది. పట్టకారు ఎవరో వాడారు. పక్కనే ఇత్తడి ఊదుగొట్టం. నిప్పును ఊది రాజేసేది అదే. దాని మూతి మీద బొట్టు పెట్టింది పెట్టినట్టే గుండ్రంగా ఉంది. పెదవి తగిలిన గుర్తు లేదు.

“గొట్టం లేకుంట వెండి కరుగుతదా?” అని అడిగింది.

విసనకర్రతో విసిరితే పైపైన కరుగుతుందని అహల్య చెప్పింది. పల్చటివి నీళ్లవుతాయి. వెండి కరిగే మట్టి మూసలో వేడి ఎక్కువసేపు నిలవదు కాబట్టి ఆఖర్లో వేసినవి కరక్కుండా లోపలే ఇరుక్కుపోతాయి. అలాంటి ముద్ద చేసిన పనివాణ్ని తన తండ్రి ఆ పూటే పనిలోంచి తీసేస్తాడని కూడా అంది.

కరుణ కుంపట్లోకి చూసింది. తుడిచినట్టు ఖాళీగా ఉంది. బూడిద ఏదని అడిగేలోపే అహల్య గుమ్మం బయటికి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మురుగు పోయే మోరీ అంచున, నిన్నటి వానకు కొట్టుకుపోగా మిగిలిన బూడిద, పిడికెడంత, గోడకు అంటుకొని ఉంది. తండ్రిని తీసుకుపోయిన నాడు కూడా తడవని ఆ కళ్లలో అప్పుడు నీళ్లు తిరిగాయి.

“బూడిద పారబోసిండ్రు. గిట్ల మా ఇంట్ల పుట్టినోళ్లు ఎవలు చెయ్యరక్కా.”

అవుసుల వాళ్ల కుంపటి బూడిదలో వెండి రజను ఉంటుంది. దాన్ని గోనెసంచిలో దాచిపెడతారు. ఏడాదికోసారి బూడిద కడిగేవాళ్లు వచ్చి తీసుకుపోతారు. మూలన ఆ సంచి సగం నిండి, మూతి కట్టి ఉంది. వచ్చినవాడు గుర్తులు చెరపాలనుకున్నాడు. ఇంటావిడ పొయ్యి శుభ్రం చేసినట్టు కుంపటి శుభ్రం చేసి, తన గుర్తు తానే మోరీ అంచున వదిలి పోయాడు.

గుమ్మంలో సిగరెట్టు వాసన వచ్చింది. వెంకట్రాం వాకిలికి ఒక భుజం ఆన్చి నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో మరి.

“ఏవండీ డిటెక్టివుగారూ, గిట్ల చూస్తున్నరా, గట్ల చూస్తున్నరా?” అని ఆమె యాసను సాగదీసి తనే నవ్వుకున్నాడు.

కరుణ లేచి చీరకంటిన మసి దులుపుకుంది. అమావాస్య సంగతి చెప్పింది. అతను పొగ వదిలి, దొంగ పంచాంగం చూసుకొని దొంగతనం చేస్తాడా, దుకాణాలన్నీ మూసి ఉన్న రోజే దొంగకు మంచిది కదా అన్నాడు. మాట తీసెయ్యలేనిదే. కోర్టులోనూ సరిగ్గా అదే అంటారని కరుణకు తెలుసు. అందుకని వేరే దారిలో వచ్చింది.

“మీకు దొరికిన ముద్ద తూకమెంత?”

“నూట పద్దెనిమిది. గురిగింజ తేడా లేదు.” అతని గొంతులో గర్వం దాగలేదు.

ఈసారి నవ్వింది అహల్య. పాన్‌దాన్‌లో తొంభై ఏళ్ల మురికి ఉంది, కీళ్లకు టంకం ఉంది, నగిషీ సందుల్లో లక్క ఉంది. కరిగిస్తే అవన్నీ కాలిపోతాయి. ఎంత చెయ్యి తిరిగినవాడు కరిగించినా తులమో రెండు తులాలో తరుగు పోవలసిందే. తరుగు పోని వెండిని తన జన్మలో చూడలేదంది. పెట్టెను కరిగిస్తే ముద్ద తగ్గేది. పెట్టె తూకం ముందుగా తెలిసినవాడు వేరే వెండి తెచ్చి, దానికి సరితూగేలా ముద్ద చేస్తేనే ఇలా కుదురుతుంది.

వెంకట్రాం సిగరెట్టు రెండు క్షణాలు గాల్లోనే ఆగింది. తరవాత గొంతు మారింది. ఆడపిల్లవి, వకీలు నీడన బతుకుతున్నావు, జగపతిరావుగారి జోలికొస్తే ఆ నీడ కూడా ఉండదని మెల్లగా, దాదాపు అభిమానంగా చెప్పాడు.

“నా మాటను చూసి నవ్వెటోళ్లను నేను అరవై తొమ్మిదిల లాఠీలతోని చూసిన సార్. మీ చేతిల సిగరెట్టే ఉన్నది,” అంది కరుణ. “జర పక్కకు జరుగుండ్రి. నాకు టైము లేదు.”

అతను జరిగాడు. అహల్య వెనకే వచ్చి తలుపుకు తాళం వేసింది. కరుణ చెప్పినట్టు ఒక ఉలి, సుత్తి గుడ్డలో చుట్టి వెంట తెచ్చుకుంది.

*

రెండూ పదికి మాన్‌సింగ్ స్టేషను మెట్ల మీద దొరికాడు. జగపతిరావు అతణ్ని కోర్టు అయ్యేదాకా అక్కడే ఉండమన్నాడట. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకొని దాని అంచు దారాలు ఒక్కొక్కటే పీకుతున్నాడు. కరుణ పైమెట్టు మీద కూర్చోలేదు. అతని పక్కనే కూర్చుంది.

గురువారం ఏమేం చూశావని మొదటి నుంచి అడిగింది. పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఏడు గంటలు, తలుపు ఓరగా ఉంది, ముసలాయన కుంపటి ముందు.

“ఏం చేస్తున్నడు?”

“ఊదుతున్నడక్కా. గొట్టంతోని.”

“నోటికి పెట్టుకొని?”

“నోటికి పెట్టుకొని.”

ఊదుగొట్టం మూతి మీద చెక్కుచెదరని కుంకుమ బొట్టును తలుచుకుంటూ కరుణ ఆ జవాబును ఉన్నదున్నట్టు రాసుకుంది. తరవాత నర్మెట్టకు ఎలా వెళ్లావని అడిగింది. ఎనిమిదింటికల్లా జగపతిరావుకు చెప్పానని కాగితంలో ఉంది. నర్మెట్టకు ఆఖరి బస్సు ఆరున్నరకే పోతుంది. నడిస్తే పది దాటుతుంది.

“జీపుల పోయిన.” అనేశాక గాని అతనికి తెలియలేదు.

దొరగారి జీపు ఆ టైముకు జనగామలో ఎందుకుందని అడిగితే పాగా అంచు మళ్లీ పీకడం మొదలుపెట్టాడు. కరుణ ఆ సంగతి వదిలేసి, సుక్కి ఎలా ఉందని మామూలుగా, ఊళ్లో ఎవరైనా అడిగినట్టు అడిగింది.

“మంచిగనే ఉన్నదన్నరు.”

“అన్నరా? నువ్వు చూడలేదా?”

మాన్‌సింగ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మొండితనమనుకోవడానికి లేదు, భయం. కరుణకు అతని మీద కోపం రావలసింది, వచ్చింది కూడా. అతని అబద్ధం వల్ల లోపల ఒక ముసలాయన చేతికి సంకెళ్లు పడ్డాయి. కానీ ఆ అబద్ధం అతని చేత చెప్పించినవాళ్ల మీద వచ్చిన కోపం అంతకంటే పెద్దది. లేచి లోపలికి పోతూ, కాసేపట్లో నువ్వూ లోపలికి రావాలి, ఒక వస్తువును గుర్తుపట్టాలి అని మాత్రం చెప్పింది.

*

ఎస్సై చెడ్డవాడు కాదు. అతనికి కేసు తొందరగా పోవాలి, అంతే. బల్ల మీద వెండి ముద్ద, దాని పక్కన పంచనామా కాగితాలు, ఎదురు కుర్చీలో టీ తాగుతూ వెంకట్రాం. గోడ గడియారంలో మూడు కావడానికి ఐదు నిమిషాలుంది.

కరుణ నాలుగు మాటల్లో చెప్పింది. కుంపటి రాజిందన్న రోజు అమావాస్య. గొట్టంతో ఊదాడని సాక్షి అంటున్నాడు, గొట్టం బొట్టు చెదరలేదు. బూడిద మోరీలో పోశారు. ముద్దకు తరుగు లేదు. వీటిలో ఏ ఒక్కటీ అవుసులాయన చేసే పని కాదు. ఇక ఈ పాన్‌దాన్ ఎవరిదన్నది. పంపకాల్లో దాన్ని జగపతిరావు అక్క, మానుకోటలో ఉండే లీలావతమ్మకు రాసిచ్చారు. నా పెట్టె నాకిమ్మని ఆమె వకీలు చేత తమ్ముడికి నోటీసు ఇప్పించి నెలయింది. ఆ నోటీసు టైపు కొట్టింది తనే. పాత నగిషీ వెండిని బొంబాయికి చేరవేసి విదేశాల వాళ్లకు అమ్మేవాళ్లు తిరుగుతున్న రోజులివి. అమ్మేసిన పెట్టెను అక్కకు ఇవ్వలేడు. కరిగిపోయిందంటే ఎవరూ అడగలేరు.

“కథ బాగుంది,” అన్నాడు వెంకట్రాం. “రుజువేదండీ?”

“దాని కడుపులున్నది.” కరుణ ముద్దను చూపించింది. “కోయించుండ్రి.”

వెంకట్రాం కప్పు కింద పెట్టేశాడు. సాక్ష్యాన్ని ముక్కలు చేస్తే మెజిస్ట్రేటు మీ ఉద్యోగం ఊడగొడతాడని ఎస్సైకి గుర్తు చేశాడు. రెండు ముక్కలైనా తూకం అదే, సాక్షి సంతకం పెట్టే ఇద్దరు పంచుల ఎదుట కోస్తే రాసుకోవడానికి అడ్డేమిటని కరుణ అంది. రేపు జనగామలోని అవుసుల వాళ్లందరూ వరసగా బోనెక్కి అమావాస్య నాడు కుంపటి ముట్టమని చెప్తుంటే, ఆ తారీఖు కింద సంతకం పెట్టినవారుగా మీరేం చెప్తారని కూడా అడిగింది. ఎస్సై పంచనామాలో తన సంతకం కేసి కాసేపు చూసుకున్నాడు. తరవాత కానిస్టేబుల్‌ను పంపి పంచులను పిలిపించాడు.

లక్ష్మణాచారిని తెచ్చి సంకెళ్లు విప్పారు. ఆయన ముందు ముద్దను అరచేతిలో ఎగరేసి, గోటితో కొట్టి విన్నాడు. మొద్దు చప్పుడు వచ్చింది. ఇది నేను చేసిందంటే మా తాత పరువు పోతుందని గొణిగాడు. రంపం ఇవ్వబోతే వద్దన్నాడు. అహల్య గుడ్డ విప్పి ఉలి అందించింది. దాని మీద బుధవారం పెట్టిన బొట్టు అలాగే ఉంది. అమావాస్య తరవాత మొదటి పని ఇదేనని, ఆయన బొట్టు కళ్లకద్దుకొని బొటనవేలితో తుడిచాడు. డెబ్బై ఏళ్ల చెయ్యి, రాత్రంతా లాకప్‌లో నేల మీద పడుకున్న చెయ్యి, ఇంత కూడా వణకలేదు.

మూడో దెబ్బకు ముద్ద రెండుగా విచ్చింది.

లోపల ఒక చిన్న డొల్ల. డొల్లలో ఒకదానికొకటి అతుక్కుపోయిన మూడు గజ్జెలు, వాటి వెనక పావులా అంత వెండి బిళ్ల. తూకం తగ్గిందని ఆఖర్లో చారెడు తెచ్చి పడేసినవి, కరక్కుండానే మిగిలిపోయాయి. లక్ష్మణాచారి దాన్ని కిటికీ వెలుతురులోకి తీసుకుపోయి, గోటితో రేకులు లెక్కపెట్టాడు. ఎనిమిది దాకా పెద్దగానే లెక్కపెట్టి, ఆ తరవాత ఆగిపోయాడు. సగం రేకు మీద ఆయన గోరు ఉండిపోయింది.

తలుపు దగ్గర నిలబడ్డ మాన్‌సింగ్ ముందుకొచ్చి అరచెయ్యి చాపాడు. ఎస్సై అభ్యంతరం చెప్పలేదు.

లంబాడా ఇల్లాలు టోప్లీ, ఘుగ్రీలను పెళ్లి నాడు పెట్టుకుంటుంది. మొగుడు చచ్చిపోయిన నాడు తీస్తుంది. ఆ మధ్యలో తీసే రోజంటూ లేదు. ఈ సంగతి ఆ గదిలో వెంకట్రాంకు తప్ప అందరికీ తెలుసు.

“నేను బతికే ఉన్న గద,” అన్నాడు మాన్‌సింగ్ ఎవరితోనో. “మరి ఇవెట్ల ఊడినయి?”

లాగి పీకారేమో, ఇంకా ఘోరమేదైనా జరిగిందేమో అనుకుంది కరుణ. లక్ష్మణాచారి బిళ్ల వెనక కొక్కేన్ని చూపించాడు. తను వంచి చేసిన కొక్కెం ఆయనకు తెలియనిది కాదు. అది తెగలేదు, సాగలేదు.

“పీకింది కాదు కొడుకా. నిమ్మళంగ జడ ఇప్పి తీసింది.”

అప్పుడు మాన్‌సింగ్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. మాటలు ముక్కలుముక్కలుగా వచ్చాయి. బుధవారం పాన్‌దాన్ తెచ్చి గడీలో ఇచ్చారు. పెట్టెను జగపతిరావు వాళ్ల ముందే వెంకట్రాం మనిషికి అప్పజెప్పి, రేపు ఇలా చెప్పాలని ఇద్దరికీ చెప్పాడు. సుక్కి చెప్పనంది. ఆ ముసలాయన చేసిచ్చిన బిళ్ల చెంపకు పెట్టుకొని ఆయనను దొంగ అననంది. మాన్‌సింగ్ మాత్రం సరేనని తల ఊపాడు. తెల్లారేసరికి ఆమె లేదు. భూపాలపల్లి కూపుకు పంపామని, సాక్ష్యం చెప్పాక తెచ్చిస్తామని చెప్పారు. గురువారం జీపులో దుకాణానికి తీసుకుపోయి బయట కాపలా నిలబెట్టారు. లోపల కుంపటి దగ్గర కూర్చున్నది వెంకట్రామే.

“ఆ రాత్రి అన్నది. నువ్వు గా మాట చెప్పినవంటె నాకు మొగడు లేనట్టె అన్నది. కోపంల అన్నదనుకున్న.” అరచేతిలో బిళ్లను మూసి పట్టుకున్నాడు. “నిజంగనే తీసేసిందక్కా. నేను సచ్చినట్టు లెక్క కట్టింది.”

ఎన్నడూ చూడని ఆ పిల్ల మీద అంత గౌరవం కరుణకు ఈ మధ్య ఎవరి మీదా కలగలేదు. గడీ నుంచి తీసుకుపోయే ముందే జడ విప్పుకొని, ఆరేళ్ల నాటి పుస్తె లాంటి వస్తువును దొర ముందు పెట్టి పోయి ఉంటుంది. దొరకు అది ముద్ద తూకానికి తక్కువ పడ్డ చారెడు వెండి మాత్రమే. ఆ చారెడే ఇప్పుడు బల్ల మీద నోరు తెరిచింది.

ఎస్సై సంకెళ్లు తీసుకొని లేచాడు, ఈసారి వేరే చేతుల కోసం. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది. టీ కప్పులో సగం సిగరెట్టు తేలుతోంది. అందరూ మాన్‌సింగ్ మాటలు వింటున్నప్పుడు లేచి ఉంటాడు వెంకట్రాం. బయట దొర జీపు ఇంజను రెండుసార్లు దగ్గి, వరంగల్ రోడ్డు పట్టింది.

మూడూ ఇరవై ఐదు. భూపాలపల్లికి ఎంత తోలినా మూడు నాలుగు గంటలు. పాన్‌దాన్ గడీకి చేరిందని చెప్పగలవాళ్లు ఇద్దరే. ఒకడు ఇక్కడ నేల మీద కూర్చున్నాడు. రెండో మనిషి అడవిలో, ఎవరి పాకలో ఉందో తెలియకుండా ఉంది. ఆమె నోరు విప్పకుండా ఉంటే చాలు వెంకట్రాంకు. ఎస్సై టెలిఫోను అందుకొని భూపాలపల్లికి ట్రంకాల్ అడుగుతూనే, ఇంకో చేత్తో డ్రైవర్ను కేకేశాడు. అహల్య తండ్రి మణికట్లు రెండు చేతులతో పట్టుకొని రాస్తోంది. ఎర్రటి సంకెళ్ల గుర్తుల మీద ఆమె చేతి మెరుగు మసి అంటుకుంది.

రైటర్ కాగితాలు తెచ్చి మాన్‌సింగ్‌ను వాంగ్మూలం ఇవ్వమన్నాడు. బండిలో రాసుకోమని కరుణ సంచి భుజానేసుకుంది. నువ్వెందుకమ్మా, ఇది పోలీసుల పని, ఊరుకో అన్నాడు ఎస్సై. ఆ మాట వినగానే ఆమె వెళ్లి పోలీసు జీపులో ముందు సీట్లో కూర్చుంది.

మాన్‌సింగ్ వెనక ఎక్కాడు. పాగా మెట్ల మీదే మరిచిపోయాడు. బిళ్లను పంచనామాలో రాసుకోవాలి, ఇచ్చెయ్యమని రైటర్ చెయ్యి చాపితే, ఇవ్వలేదు.

“రాస్కో, ఎన్నిసార్లన్న రాస్కో. ఇది నా చేతుల ఉంటది,” అన్నాడు. “నేను బతికున్ననని ఆమెకు నేనే చెప్పాలె.”